గ్రానైట్ ఫ్యాక్టరీలో జాబ్ షెడ్యూలింగ్: ఏ డిపార్ట్‌మెంటుకు ఎంత పర్మిషన్, ఎలా ఇవ్వాలి

ప్రకాశం జిల్లా చీమకుర్తిలోనైనా గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లోనైనా గ్రానైట్ ఫ్యాక్టరీలో జాబ్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టిన కొత్తలో వచ్చే తగాదా దాదాపు ఒకటే. గ్యాంగ్‌సా (బ్లాకును శ్లాబులుగా కోసే పెద్ద రంపం మెషిన్) మీదికి ఏ బ్లాకు ముందు ఎక్కాలో ప్లానింగ్ వాళ్లు సాయంత్రం వరుస పెట్టి ఇంటికి పోతారు. తెల్లారేసరికి ఆ వరుస మారి ఉంటుంది. సేల్స్ వాళ్లు మేం ముట్టుకోలేదంటారు. నైట్ షిఫ్టు సూపర్‌వైజరు నాకేం తెలియదంటాడు. ఎవరు మార్చారో చూద్దామంటే లాగిన్ అందరిదీ ఒకటే.

అప్పుడు ఓనరుకు కోపమొచ్చి అందరికీ అన్నీ మూసేయమంటాడు. అది ఇంకో తప్పు. పాలిషింగ్ వాళ్లకు రేపు ఏ శ్లాబులు వస్తాయో కనపడదు, డిస్పాచ్ వాళ్లకు చెన్నై పోర్టుకు కంటెయినర్ ఎప్పుడు బుక్ చేయాలో తెలియదు. మళ్లీ ఫోన్లూ, వాట్సాప్ గ్రూపులూ మొదలవుతాయి. షెడ్యూలు ఒకచోట, నిజం ఇంకోచోట నడుస్తాయి.

షెడ్యూలింగులో పర్మిషన్లకు మూలసూత్రం ఒకటుంది: చూడటం వీలైనంత మందికి, మార్చడం వీలైనంత తక్కువ మందికి. దాన్ని డిపార్ట్‌మెంటు వారీగా అమలు చేయడం ఎలాగో ఇక్కడ చెప్తున్నాం. ఉదాహరణకు ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. అది ఓపెన్ సోర్స్, మన దేశంలోనే తయారైంది. వర్క్ ఆర్డర్ (ఫలానా సరుకు తయారు చేయమనే ఆదేశం), జాబ్ కార్డ్ (అందులో ఒక్కో మెట్టు పనికి చీటీ), వర్క్‌స్టేషన్ (ఆ పని చేసే మెషిన్) మూడూ అందులో ఉన్నాయి. మీది వేరే సాఫ్ట్‌వేరైతే బటన్ల పేర్లు మారతాయి, లెక్క మాత్రం ఇదే.

కంప్యూటరు తెరవకముందు కాగితం

పెద్ద కాగితం ఒకటి తీసుకుని ఎడమ పక్కన పనులు, పైన డిపార్ట్‌మెంట్లు రాయండి. పనులంటే ఇలా: వర్క్ ఆర్డర్ తయారు చేయడం, దాన్ని సబ్మిట్ (ఖాయం) చేయడం, ప్రారంభ తేదీ మార్చడం, ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కు మార్చడం, జాబ్ మొదలుపెట్టడం, మధ్యలో ఆపడం, ముగించడం, శ్లాబుల లెక్క ఎక్కించడం, జాబ్ రద్దు చేయడం, మెషిన్ పనివేళలు మార్చడం, లిస్టును ఎక్సెల్‌లోకి దించుకోవడం. డిపార్ట్‌మెంట్లేమో బ్లాక్ యార్డు, కోత, రెజిన్ లైన్ (శ్లాబుకు జిగురు పట్టించే చోటు), పాలిషింగ్, కట్ టు సైజ్, క్వాలిటీ, ప్యాకింగ్-డిస్పాచ్, మెయింటెనెన్స్, ప్లానింగ్, సేల్స్, అకౌంట్స్.

ప్రతి గడిలో మూడింట్లో ఒకటే రాయాలి: 'చూ', 'మా', లేదా ఒక గీత. చూ అంటే చూడొచ్చు, మా అంటే మార్చొచ్చు. జాబ్ మొదలుపెట్టడం, ఆపడం, ముగించడం, లెక్క ఎక్కించడం ఎవరి మెషిన్ మీద వాళ్లవే. మిగతా ఏ అడ్డ వరుసలోనైనా 'మా' ఒక్కచోటే ఉండాలి, తప్పనిసరైతే రెండు చోట్ల. మూడు చోట్ల పడిందంటే ఆ పనికి యజమాని లేడని అర్థం. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు?

ఇది నింపేటప్పుడు పేచీ ఎక్కువగా సేల్స్ దగ్గరే వస్తుంది. కొనేవాడికి మాటిచ్చింది మేమే కదా, తేదీ మేమెందుకు మార్చకూడదని అడుగుతారు. అడగడం న్యాయమే. కానీ ఇక్కడ తేదీలు రెండు. కొనేవాడికి చెప్పిన డెలివరీ తేదీ సేల్స్ ఆర్డర్‌లో ఉంటుంది, అది సేల్స్ వాళ్లది. గ్యాంగ్‌సా మీద కోత మొదలయ్యే తేదీ వర్క్ ఆర్డర్‌లో ఉంటుంది, అది ప్లానింగ్ వాళ్లది. ఒకరిది ఇంకొకరికి కనపడాలి, చేతికి మాత్రం అందకూడదు. ఈ రెండు తేదీలనూ ఒకే గడిలో పెట్టి నడిపే ఫ్యాక్టరీలో ఎన్ని పర్మిషన్లు పెట్టినా తగాదా తీరదు.

హద్దు మనుషుల మధ్య కాదు, మెషిన్ల మధ్య

డిపార్ట్‌మెంటు అనగానే చాలామంది ఉద్యోగి రికార్డులో ఉండే డిపార్ట్‌మెంటు గడిని పట్టుకుంటారు. షెడ్యూలింగుకు అది పనికిరాదు. ఆర్డర్లు ఎక్కువైనప్పుడు పాలిషింగ్ మనిషి బ్రిడ్జ్ కట్టర్ దగ్గరికి పోతాడు, హెచ్ఆర్ రికార్డు మాత్రం మారదు. మెషిన్ అలా మారదు. జాబ్ కార్డు ఏ మెషిన్ మీద పడితే ఆ డిపార్ట్‌మెంటుదే. అందుకని హద్దును వర్క్‌స్టేషన్‌తో గీయండి.

వర్క్‌స్టేషన్లకు పేర్లు పెట్టేటప్పుడు ముందు డిపార్ట్‌మెంటు, తరవాత మెషిన్ రాయండి: కోత-గ్యాంగ్‌సా-1, కోత-గ్యాంగ్‌సా-2, కోత-మల్టీవైర్-1, రెజిన్-లైన్-1, పాలిష్-లైన్-1, కట్-బ్రిడ్జ్-1. వెతికినప్పుడు ఒక డిపార్ట్‌మెంటు మెషిన్లన్నీ ఒకచోట వరుసగా వస్తాయి. కొత్త మెషిన్ వచ్చినప్పుడు ఎవరికి ఇవ్వాలో పేరులోనే తెలిసిపోతుంది.

గ్యాంట్రీ క్రేన్ సంగతి వేరు. యార్డు వాళ్లకూ కావాలి, కోత వాళ్లకూ కావాలి, లోడింగుకూ కావాలి. దాన్ని ఏ ఒక్కరికి ఇచ్చినా మిగతావాళ్ల బ్లాకులు ఎండలో కూర్చుంటాయి. అలాంటి ఉమ్మడి మెషిన్లను ప్లానింగ్ కింద పెట్టండి.

రోల్స్ తయారు చేయడం

రోల్ అంటే పనికి పెట్టిన పేరు, మనిషికి కాదు. సుబ్బారావు రోల్, కోటేశ్వరరావు రోల్ అని పెట్టకండి. వాళ్లు మానేసిన రోజు ఆ రోల్ ఎందుకుందో ఎవరికీ తెలియదు. మామూలు ఫ్యాక్టరీకి ఏడు రోల్స్ సరిపోతాయి: ప్లానర్, షిఫ్ట్ సూపర్‌వైజర్, ఆపరేటర్, క్వాలిటీ, మెయింటెనెన్స్, షెడ్యూల్ వీక్షకుడు, ప్లాంట్ మేనేజర్. కోత సూపర్‌వైజర్, పాలిష్ సూపర్‌వైజర్ అని విడగొట్టాల్సిన పని లేదు. ఇద్దరూ చేసేది ఒకటే, మెషిన్లు వేరు, అంతే. ఆ తేడాను తరవాతి మెట్టులో వేరేగా పెడతాం. ఇది గుర్తించకపోతే డిపార్ట్‌మెంట్లను రోల్స్‌తో హెచ్చవేసి పదుల కొద్దీ రోల్స్ అవుతాయి, అప్పుడు ఒక్క చిన్న మార్పుకు పదుల కొద్దీ చోట్ల టిక్కులు పెట్టాలి.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే మాన్యుఫ్యాక్చరింగ్ యూజర్ అనే రోల్‌ను ఆపరేటర్లకు ఇవ్వబోకండి. పేరు చూస్తే చిన్నదిలా ఉంటుంది గానీ వర్క్ ఆర్డర్ తయారు చేయడం, సబ్మిట్ చేయడం కూడా దానిలోనే ఉన్నాయి. పైగా రోల్స్ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒక మనిషికి రెండు రోల్స్ ఉంటే రెండింట్లో ఏ ఒక్కటి ఒప్పుకున్నా పని జరిగిపోతుంది, చిన్న రోల్ పెద్దదాన్ని ఆపలేదు. 'అన్నీ సరిగ్గానే పెట్టాం, అయినా మారుస్తున్నాడు' అనే ఫిర్యాదు వస్తే ముందు ఆ యూజరుకు పాత రోల్ ఏదన్నా అంటిపెట్టుకుని ఉందేమో చూడండి.

ఏడు రోల్స్ అయ్యాక రోల్ ప్రొఫైల్స్ (ఒక పేరు కింద కట్టిన రోల్స్ కట్టలు) చేసి, యూజరు ఫారంలో ప్రొఫైల్ మాత్రమే ఎంచండి. ఒక్కొక్కరికీ విడిగా టిక్కులు పెడుతూ పోతే ఆరు నెలల్లో ఎవరికేముందో దేవుడికే ఎరుక.

రోల్ పర్మిషన్ మేనేజర్‌లో ఏం టిక్ చేయాలి

రోల్ పర్మిషన్ మేనేజర్ తెరవండి. ఏదైనా మార్చే ముందు వర్క్ ఆర్డర్, జాబ్ కార్డ్, వర్క్‌స్టేషన్, హాలిడే లిస్ట్ నాలుగింటి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. పాత స్థితికి తెచ్చే బటన్ ఒకటుంది కానీ, అది ఆ డాక్యుమెంటు మీద మీరు పెట్టిన మార్పులన్నింటినీ ఒకేసారి తుడిచేస్తుంది.

జాబ్ కార్డ్ మీద ఆపరేటరుకు రీడ్ (చూడటం), రైట్ (దిద్దడం) రెండే చాలు. మొదలుపెట్టడానికి, ఆపడానికి, ముగించడానికి రైట్ కావాలి. సబ్మిట్, క్యాన్సిల్, డిలీట్, ఎక్స్‌పోర్ట్, షేర్ వద్దు. సూపర్‌వైజరుకు వీటికి తోడు సబ్మిట్, ప్రింట్. క్యాన్సిల్ ప్లాంట్ మేనేజరుకు మాత్రమే. సబ్మిట్ అయిన కార్డు రద్దయిందంటే దానికి ఎక్కిన గంటలు, శ్లాబుల లెక్క రెండూ పోయినట్టే కదా.

వర్క్ ఆర్డర్ మీద ప్లానరుకు రీడ్, రైట్, క్రియేట్, సబ్మిట్. క్వాలిటీ, మెయింటెనెన్స్, వీక్షకుడికి రీడ్ ఒక్కటే. డిలీట్ ఎవరికీ అవసరం లేదు.

షేర్ టిక్కును చాలామంది పట్టించుకోరు. ఆ బటన్ ఉన్న మనిషి ఒక డాక్యుమెంటును ఇంకొకరికి షేర్ చేస్తే, ఆ రెండో మనిషికి రోల్ లేకపోయినా అది తెరుచుకుంటుంది. అసైన్ చేయడం కూడా అలాంటిదే: పర్మిషన్ లేని మనిషికి పని అప్పగిస్తే ఆ డాక్యుమెంటు వాళ్లకు షేర్ అయిపోతుంది. ప్లానర్, ప్లాంట్ మేనేజర్ తప్ప మిగతా రోల్స్‌లో షేర్ తీసేయండి.

యూజర్ పర్మిషన్: ఎవరి మెషిన్ల కార్డులు వాళ్లకు

రోల్ పర్మిషన్ 'జాబ్ కార్డు మార్చొచ్చు' అని మాత్రమే చెప్తుంది. ఏ జాబ్ కార్డు అన్నది చెప్పదు. అది చెప్పేది యూజర్ పర్మిషన్. యూజర్ పర్మిషన్ లిస్టులో కొత్తది తెరిచి యూజరు పేరు, అలో దగ్గర వర్క్‌స్టేషన్, ఫర్ వాల్యూ దగ్గర మెషిన్ పేరు పెట్టండి. పాలిషింగ్ సూపర్‌వైజరుకు రెండు లైన్లుంటే రెండు రికార్డులు చేయాలి. రెండు మెషిన్ల కార్డులూ కనపడతాయి.

ఇక్కడే అసలు తిప్పలు. ఆ ఫారంలో 'అప్లై టు ఆల్ డాక్యుమెంట్ టైప్స్' అని ఒక టిక్ ముందే పెట్టి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే మర్నాడు పాలిషింగ్ సూపర్‌వైజరు వర్క్ ఆర్డర్ తెరవబోతే తెరుచుకోదు. ఆ వర్క్ ఆర్డర్ లోపల ఆపరేషన్ల పట్టికలో మొదటి వరుస కోత-గ్యాంగ్‌సా-1, రెండోది రెజిన్, మూడోది పాలిష్. అతనికి గ్యాంగ్‌సా మీద పర్మిషన్ లేదు కాబట్టి ఈ డాక్యుమెంటు ఫలానా వరుసలో ఫలానా వర్క్‌స్టేషన్‌తో ముడిపడి ఉంది, మీకు అనుమతి లేదు అని ఎర్రర్ వస్తుంది. ఎర్రరులో వరుస సంఖ్యతో సహా చెప్తుంది, ఎవరూ చదవరు. రోల్ సరిపోలేదేమోనని ఇంకో పెద్ద రోల్ ఇచ్చేస్తారు. దానితో ఎర్రరు పోదు, పనికిరాని అధికారం మాత్రం చేతికొస్తుంది. ఆ టిక్ తీసేసి అప్లికబుల్ ఫర్ దగ్గర జాబ్ కార్డ్ అని పెట్టండి. హద్దు జాబ్ కార్డుకే పరిమితమవుతుంది, వర్క్ ఆర్డర్ అందరికీ తెరుచుకుంటుంది.

రెండో చిక్కు ఖాళీ గడులతో. యూజర్ పర్మిషన్ పెట్టినా, లింకు గడి (హద్దు పెట్టిన వర్క్‌స్టేషన్‌లాంటి గడి) ఖాళీగా ఉన్న డాక్యుమెంట్లు మామూలుగా అందరికీ కనపడతాయి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'అప్లై స్ట్రిక్ట్ యూజర్ పర్మిషన్స్' టిక్ చేస్తే ఖాళీవి దాచేస్తుంది. వర్క్‌స్టేషన్‌కు బదులు మీరే కొత్తగా డిపార్ట్‌మెంటు గడి జోడించి దాని మీద పర్మిషన్ పెట్టినవాళ్లకు ఇది బాగా తగులుతుంది. పాత కార్డులన్నింట్లో ఆ గడి ఖాళీగానే ఉంటుంది కదా. స్ట్రిక్ట్ పెట్టే ముందు పాత కార్డుల్లో ఆ గడి నింపండి. నింపకుండా పెడితే నడుస్తున్న జాబులు ఒక్కసారిగా మాయమై, షిఫ్టు మధ్యలో ఫోన్లు మొదలవుతాయి.

మూడోది, యూజర్ పర్మిషన్ మార్చడాన్నే కాదు, చూడటాన్నీ ఆపేస్తుంది. మొదట చెప్పుకున్న సూత్రానికి ఇది అడ్డం. పాలిషింగ్ సూపర్‌వైజరుకు గ్యాంగ్‌సా కార్డులు కనపడాలి, ఎందుకంటే బ్లాకు కోత రెండు మూడు రోజులు నడుస్తుంది, అది ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తేనే రేపటికి మనుషుల్ని పెట్టుకుంటాడు. దీనికి రెండు దారులున్నాయి. తేలికైనది ఏమిటంటే, షెడ్యూల్ వీక్షకుడు రోల్‌తో ఒక యూజరు చేసి, దానికి యూజర్ పర్మిషన్ ఏమీ పెట్టకుండా, షెడ్‌లో ఒక టీవీకి కట్టి జాబ్ కార్డుల క్యాలెండరు తెరిచి ఉంచడం. అందరూ అన్నీ చూస్తారు, ఎవరూ ఏదీ ముట్టుకోలేరు. ఎక్కువ యూనిట్లకు ఇది చాలు.

రెండో దారికి ప్రోగ్రామరు కావాలి. సూపర్‌వైజర్లకు యూజర్ పర్మిషన్ తీసేసి, సేవ్ చేసే సమయంలో ఈ వర్క్‌స్టేషన్ మీ జాబితాలో ఉందా అని చూసి, లేకపోతే ఆపేసే చిన్న సర్వర్ స్క్రిప్ట్ రాయిస్తారు. వెర్షన్ 15లో సర్వర్ స్క్రిప్టులు మొదట ఆపేసి ఉంటాయి, సర్వరులో విడిగా ఆన్ చేయాలి. ఆపరేటర్లకు మాత్రం యూజర్ పర్మిషనే ఉంచండి, వాళ్ల తెర మీద ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

తేదీ గడికి విడిగా తాళం

జాబ్ కార్డు సబ్మిట్ అయినప్పుడు దాని వెనకున్న వర్క్ ఆర్డర్‌లో ఆపరేషన్ పూర్తయిన లెక్క మారుతుంది. అందుకని సూపర్‌వైజరు పరీక్ష లాగిన్‌తో ఒక కార్డు సబ్మిట్ చేసి చూడండి. వర్క్ ఆర్డర్ మీద పర్మిషన్ లేదని ఎర్రర్ వస్తే అతనికి వర్క్ ఆర్డర్ మీద రైట్ ఇవ్వక తప్పదు. రైట్ ఇచ్చామంటే ప్రారంభ తేదీ కూడా అతని చేతికి వచ్చినట్టే. దీనికి విరుగుడు పర్మ్ లెవెల్, అంటే గడి గడికీ విడిగా పెట్టే పర్మిషన్ అంకె.

కస్టమైజ్ ఫారం తెరిచి వర్క్ ఆర్డర్ ఎంచండి. ప్లాన్డ్ స్టార్ట్ డేట్ గడి మీద నొక్కి పర్మ్ లెవెల్‌ను 0 నుంచి 1కి మార్చండి. తరవాత రోల్ పర్మిషన్ మేనేజర్‌లో వర్క్ ఆర్డర్‌కు లెవెల్ 1తో కొత్త రూల్స్ జోడించండి: ప్లానరుకు రీడ్, రైట్ రెండూ, మిగతా రోల్స్‌కు రీడ్ ఒక్కటే. లెవెల్ 1లో రీడ్ ఇవ్వడం మరిచిపోతే ఆ గడి వాళ్ల తెర మీద కనపడదు, తేదీలు పోయాయని ఫోన్ వస్తుంది. లెవెల్ 1 ఒక్కటే ఇచ్చి లెవెల్ 0 ఇవ్వకపోయినా పని జరగదు. డాక్యుమెంటు తెరుచుకునేది 0తోనే.

రేట్లకు కూడా ఇదే పద్ధతి. వర్క్‌స్టేషన్‌లో గంటకు ఎంత ఖర్చు అనే గడి షాపు ఫ్లోరులో కనపడాల్సిన అవసరం లేదు. దాన్ని లెవెల్ 2లో పెట్టి అకౌంట్స్‌కూ, ప్లాంట్ మేనేజరుకూ మాత్రమే ఇవ్వండి. రేటు దాచినట్టే అనుకుని ప్రింట్ ఫార్మాట్లనూ, రిపోర్టులనూ వదిలేయకండి. ఫారంలో దాగినవి రిపోర్టులో బయటపడ్డాయేమో ఒక్కొక్కటీ తెరిచి చూడాలి.

వరుస మీద అసలు అధికారం సబ్మిట్ బటన్‌ది

తేదీకి తాళం వేశాం కదా, ఇక వరుస ఎవరూ మార్చలేరని నిశ్చింతగా ఉండొద్దు. కెపాసిటీ ప్లానింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు, వర్క్ ఆర్డర్ సబ్మిట్ చేయగానే సాఫ్ట్‌వేర్ ఆ వర్క్‌స్టేషన్‌లో ఖాళీ సమయం ఎక్కడుందో వెతికి జాబ్ కార్డును అక్కడ కూర్చోబెడుతుంది. ముందుకు ఎన్ని రోజులు వెతకాలో మాన్యుఫ్యాక్చరింగ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, మొదట 30 రోజులు. ఆలోపు ఖాళీ దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. దీని అర్థమేమిటంటే, ముందు సబ్మిట్ చేసినవాడికే ముందు స్లాటు. సేల్స్ మనిషి చేతికి సబ్మిట్ ఇచ్చారంటే తేదీ గడిని ముట్టుకోకుండానే గ్యాంగ్‌సా క్యూలో ముందుకు పోతాడు. అందుకే పైన సబ్మిట్‌ను ప్లానరుకు మాత్రమే రాశాం.

సేల్స్ వాళ్లు అసలేమీ చేయలేకపోతే వాళ్లు మళ్లీ ఫోనే పట్టుకుంటారు కాబట్టి వాళ్లకొక తలుపు ఉంచాలి. వర్క్‌ఫ్లో అనే సదుపాయంతో వర్క్ ఆర్డర్‌కు మూడు దశలు పెట్టండి: అభ్యర్థన, ప్లానింగ్ పరిశీలన, విడుదల. మొదటి దశలో తయారు చేయడం సేల్స్, రెండోది దాటించడం ప్లానర్. ప్రతి దశకు 'ఓన్లీ అలో ఎడిట్ ఫర్' దగ్గర ఒక రోల్ రాయాలి. ఆ దశలో దిద్దగలిగేది ఆ రోల్ ఉన్నవాళ్లే. సబ్మిట్ అయ్యే డాక్ స్టేటస్‌ను (డాక్యుమెంటు ఖాయమైందో లేదో చెప్పే గుర్తును) విడుదల దశకే కట్టండి. అభ్యర్థన దశకు సేల్స్ వాళ్లకు వర్క్ ఆర్డర్ మీద క్రియేట్, రైట్ అవసరమవుతాయి. తేదీ గడి లెవెల్ 1లో ఉంది కాబట్టి వాళ్లు దాన్ని దిద్దలేరు.

విడుదలైన దాని వరుస కదపకూడని గడువు కూడా డిపార్ట్‌మెంటును బట్టి వేరుగా ఉండాలి. గ్యాంగ్‌సాకు బ్లాకు ట్రాలీ మీద ఎక్కి, బ్లేడ్లు దిగాయంటే మధ్యలో దించి ఇంకోటి ఎక్కించడం ఉండదు. కాబట్టి కోత జాబులకు రాబోయే 72 గంటల వరుసను ప్లానరు కూడా కదపకూడదు, కదపాలంటే ప్లాంట్ మేనేజరు రోల్ కావాలి. పాలిషింగ్ లైనులో ఒక లాటు అయ్యాక ఇంకో లాటు మార్చుకోవచ్చు, అక్కడ ఒక షిఫ్టు గడువు చాలు. ఈ గడువులను వర్క్‌ఫ్లో ట్రాన్సిషన్‌లో (ఒక దశ నుంచి ఇంకో దశకు మారే చోట) కండిషన్‌గా గానీ, చిన్న స్క్రిప్టుగా గానీ పెట్టించండి. అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒకటే గడువు పెడితే కోతకు చాలదు, పాలిషింగుకు ఎక్కువవుతుంది.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. కొన్నింట్లో ఆటో రీషెడ్యూల్ ఉంటుంది. కోత వాళ్లు తమ జాబును నాలుగు గంటలు వెనక్కి జరిపితే దాని మీద ఆధారపడిన రెజిన్, పాలిష్, ప్యాకింగ్ జాబులన్నీ వాటంతటవే జరుగుతాయి. పాలిషింగ్ జాబును మార్చే హక్కు కోత వాళ్లకు లేదు, అయినా మారింది. మార్చింది యంత్రం, దానికి అన్ని హక్కులూ ఉంటాయి. ఇలాంటి చోట్ల గొలుసును డిపార్ట్‌మెంటు హద్దు దగ్గర తెంపి, అవతలివాళ్లకు 'ప్రతిపాదన'గా పంపే సెట్టింగు ఉందేమో చూడండి. లేకపోతే ఆటో రీషెడ్యూల్ బటన్‌ను ప్లానరుకు మాత్రమే ఇవ్వండి.

సెలవుల క్యాలెండరు

2022 ఏప్రిల్‌లో కరెంటు కొరతతో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు వారానికో రోజు పవర్ హాలిడే పెట్టారు. అలాంటి రోజుల్ని హాలిడే లిస్టులో ఎక్కిస్తే ఆ లిస్టుకు కట్టిన మెషిన్లన్నింటి స్లాట్లూ మారతాయి. అంటే ఒక్క తేదీ జోడించే హక్కుతో ఫ్యాక్టరీ మొత్తం షెడ్యూలు కదులుతుంది. హాలిడే లిస్టు మామూలుగా హెచ్ఆర్ వాళ్ల చేతిలో ఉంటుంది, వాళ్లు ఆలోచించేది జీతాల గురించి. మెషిన్లకు విడిగా ఒక లిస్టు చేసి, ఆఫీసు లిస్టుతో కలపకండి. రెండూ ఒకే రకం డాక్యుమెంటు కాబట్టి రోల్ పర్మిషన్ రెండింటికీ ఒకటే అవుతుంది. హెచ్ఆర్ యూజర్లకు యూజర్ పర్మిషన్‌తో ఆఫీసు లిస్టు ఒక్కటే ఇవ్వండి. వర్క్‌స్టేషన్ ఫారంలో పనివేళలు మార్చే రైట్ ప్లానరుకు. మెయింటెనెన్స్ వాళ్లు మెషిన్ ఆగిందని డౌన్‌టైమ్ ఎంట్రీ రాస్తారు, పనివేళలు దిద్దరు.

ట్యాబులు, నైట్ షిఫ్టు

మెషిన్ దగ్గర ట్యాబ్ పెట్టి దానికి మెషిన్ పేరుతోనే ఒక యూజరు చేయడం షాపు ఫ్లోరులో తప్పదు. గ్రిట్, నీళ్లు, బురద చేతులతో ఒక్కొక్కరూ పాస్‌వర్డు కొట్టరు. ఆ యూజరుకు ఆపరేటర్ రోల్ ఒక్కటే, ఆ ఒక్క మెషిన్‌కే యూజర్ పర్మిషన్, సైమల్టేనియస్ సెషన్స్ (ఒకేసారి ఎన్ని చోట్ల లాగిన్ అవొచ్చో ఆ అంకె) 1. ఎవరు మొదలుపెట్టారన్నది జాబ్ కార్డులోని ఉద్యోగి గడిలో ఎంచాలి. సూపర్‌వైజర్, ఆ పై వాళ్లకు మాత్రం ఉమ్మడి లాగిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒడిశా నుంచో రాజస్థాన్ నుంచో వచ్చిన ఆపరేటరు ఉన్న మెషిన్ అయితే యూజరు ఫారంలో అతనికి వచ్చిన భాష, హిందీలాంటిది, పెట్టండి. అర్థంకాక నొక్కిన బటన్‌ను ఏ పర్మిషనూ ఆపలేదు.

యూజరు ఫారంలో లాగిన్ ఆఫ్టర్, లాగిన్ బిఫోర్ అని రెండు గడులున్నాయి. షిఫ్టు వేళలకే లాగిన్ అవనివ్వడానికి బాగుంటాయి, పగటి షిఫ్టుకు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా షిఫ్టుకు 22, 6 అని పెడితే ఆ యూజరు ఇక ఎప్పుడూ లాగిన్ కాలేడు. 22 కంటే ముందు గంటైతే ఒక నిబంధన ఆపుతుంది, 6 దాటితే రెండోది ఆపుతుంది, రెండూ దాటే గంట రోజులో లేదు. అర్ధరాత్రి దాటే షిఫ్టులకు ఆ గడులు ఖాళీగా వదిలేయండి. పైగా అవి చూసేది లాగిన్ అయ్యే క్షణంలోనే. ఒకసారి లోపలికి వచ్చినవాణ్ని షిఫ్టు అయ్యాక బయటికి పంపవు.

పరీక్షించడం

అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో పరీక్షించడం దండగ, దానికి ఏ హద్దూ వర్తించదు. ప్రతి రోల్‌కూ ఒక పరీక్ష యూజరును చేసి, బ్రౌజరులో ప్రైవేటు విండో తెరిచి లాగిన్ అవ్వండి. పాలిష్ సూపర్‌వైజరుగా ఈ పనులు చేసి చూడండి. గ్యాంగ్‌సా జాబ్ కార్డు నంబరును అడ్రసు బారులో నేరుగా కొట్టండి, లిస్టులో కనపడనిది అలా తెరుచుకోకూడదు. క్యాలెండరు వ్యూలో ఒక జాబు పట్టీని పట్టుకుని రేపటికి లాగండి, పేజీ రిఫ్రెష్ చేసి అది నిలిచిందా వెనక్కి పోయిందా చూడండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఫారం మీద తాళం వేసి లాగడం మరిచిపోతారు. లిస్టులో పది కార్డులు టిక్ చేసి ఒకేసారి మార్చే మెనూ వస్తుందేమో చూడండి. ఎక్సెల్‌లోకి దించే బటన్ ఉందేమో చూడండి. అదే పని ఫోనులో కూడా ఒకసారి.

చేయకూడనివి ఆగుతున్నాయా అన్నది సగం పరీక్షే. చేయాల్సినవి జరుగుతున్నాయా అన్నది మిగతా సగం. ఒక నిజం బ్లాకును యార్డు నుంచి ప్యాకింగు దాకా ఈ పరీక్ష యూజర్లతోనే నడిపించండి, మధ్యలో ఒక్కసారి కూడా అడ్మినిస్ట్రేటర్ సాయం పడకూడదు. పడిందంటే రాత్రి 2 గంటలకు ఎవరికో ఫోన్ పోతుందన్నమాట.

అందరికీ ఒకేరోజు మార్చకండి. ముందు ఒక్క డిపార్ట్‌మెంటు, రెజిన్ లైనులాంటి చిన్నది, ఒక వారం. గ్యాంగ్‌సా చివరిది.

నడుస్తుండగా

సూపర్‌వైజరు సెలవు మీద పోతే అతని పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పి పోవడం ఆనవాయితీ. దానికి బదులు పక్క డిపార్ట్‌మెంటు సూపర్‌వైజరుకు ఆ మెషిన్ల యూజర్ పర్మిషన్ జోడించండి, రోల్ ఎలాగూ ఒకటే. ఈ రికార్డులకు గడువు తేదీ ఉండదు, వాటంతటవి పోవు. ఇచ్చిన రోజే తీసేయాల్సిన తేదీతో ప్లాంట్ మేనేజరుకు ఒక పని రాసి పెట్టండి. సంక్రాంతి తరవాత, దసరా తరవాత యూజర్ పర్మిషన్ లిస్టును ఒకసారి మొత్తం చూస్తే మిగిలిపోయినవి బయటపడతాయి.

కస్టమైజ్ ఫారంలో వర్క్ ఆర్డర్‌కూ జాబ్ కార్డుకూ ట్రాక్ చేంజెస్ టిక్ ఉందని నిర్ధారించుకోండి. ఏ గడి ఎంత నుంచి ఎంతకు ఎవరు ఎప్పుడు మార్చారో డాక్యుమెంటు కిందనే కనపడుతుంది. ఇదే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు కూడా రాస్తున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి: కంపెనీల చట్టం నిబంధనల ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్పుల చిట్టా ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఆడిటరు అడుగుతాడు. అన్ని సెట్టింగులూ మార్చగల సిస్టమ్ మేనేజర్ రోల్ ఎంతమందికి ఉందో కూడా అప్పుడే లెక్కపెట్టండి. ఇద్దరికి మించితే మూడోవాడికి ఎందుకిచ్చారో అడగండి.

మానేసిన మనిషి యూజరును డిలీట్ చేయకండి, పాత జాబ్ కార్డుల్లో అతని పేరు ఉంటుంది. ఎనేబుల్డ్ టిక్ తీసేస్తే చాలు. అతను వాడిన మెషిన్ ట్యాబు పాస్‌వర్డు కూడా అదే రోజు మార్చండి, ఎందుకంటే దానికి పేరు మెషిన్‌ది, గుర్తున్నది మాత్రం అతనికి.